చెవులతో చేసిన గంగడోలు

మొన్న మంగళవారం పొద్దున నా నెట్ సెంటర్లో ఒకాయన ఆదాయ ధ్రువపత్రం కోసం కూర్చుని ఉన్నాడు. నేను ఆయన వివరాలు కొడుతూ ఉంటే కంప్యూటర్ తెర మూలలో ఒక చిన్న చీటీ లేచింది. కొత్త అవయవాలు వచ్చాయి, మీ జంతువుకు ఇప్పుడే తగిలించుకోండి అని దాని సారాంశం. పక్కనే ఎనిమిది కాళ్ళ పచ్చటి జంతువొకటి నాలుక బయటపెట్టి గంతులు వేస్తోంది. ఆయన దాన్ని కాసేపు చూసి, “ఏమ్మా, ఇది కూడా అర్జీకి జత సెయ్యల్లనా?” అని అడిగాడు భయంగా.

నేను నవ్వాల్సింది. నవ్వకుండా వీధిలోకి చూశాను. ఆ చీటీ లేచినప్పుడల్లా వీధిలోకి చూడడం నాకు అలవాటైపోయింది. బస్టాండు వైపు నుంచి భుజాన తువ్వాలు, చేతిలో ముల్లుగర్రతో ఒక పెద్దాయన రావాలి. వచ్చి, “ఏమ్మా, దాణా వచ్చిందా?” అని అడగాలి. ఆయన పోయి నాలుగు నెలలైంది. పోయినవాళ్ళకు చెప్పాలనిపించే కబుర్లు మామూలుగా పెళ్ళిళ్ళో పురుళ్ళో అయి ఉంటాయి. నాకు మాత్రం, తాతా, ఈసారి పదహారు రకాల కాళ్ళు వచ్చాయని చెప్పాలనిపించింది. ఏడుపు వచ్చింది కూడా. ముందు కూర్చున్నాయన తన ఆదాయం చూసి ఏడుస్తున్నాననుకున్నాడు.

పెద్దాయన పశువుల బేరగాడు. సంతల్లో, పశువుల తిరునాళ్ళు జరిగే పరసల్లో ఎద్దులకూ ఆవులకూ బేరాలు కుదిర్చి బతికినవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, మోకాళ్ళు అరిగాక తిరుగుడూ తగ్గింది, చూపు మాత్రం తగ్గలేదు. ప్రాణమున్నదేదైనా కనబడితే ముందు దాని వెనక్కి వెళ్ళేవాడు. వెనకనుంచి చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద ఒక్క చరుపు చరిచి, అప్పుడు ముఖం చూసేవాడు. ప్రాణం లేనివాటికి కూడా మినహాయింపు లేదు. నా కొత్త జెరాక్స్ మిషనును అట్లాగే చరిచాడు. అది మూడు కాగితాలు కక్కింది. “మంచి జాతి,” అన్నాడు.

మా ఆడబిడ్డకు మదనపల్లె సంబంధం వచ్చినప్పుడు పెళ్ళికొడుకు ఏదో కాగితం పనిమీద షాపుకు వచ్చాడు. పెద్దాయన అతని వెనక్కి చేరి, కింది నుంచి పైకి చూసి, “రెండడుగులు నడువప్పా,” అన్నాడు. ఆ పిల్లవాడు ఎవరో పెళ్ళికూతురి పెదనాన్న కాబోలనుకుని గుమ్మం దాకా నడిచి తిరిగి వచ్చాడు. “కాళ్ళు బాగుండాయి. ముఖానిదేముంది, సూడంగా సూడంగా అలవాటైతాది. ఖాయం సేసుకోండి,” అన్నాడు పెద్దాయన, అతని ముందరే. ఖాయం చేసుకున్నాం. ఇప్పటికీ బాగానే నడుస్తున్నాడు.

నాకు ఆయన పరిచయమైంది పింఛను దగ్గర. తాను బతికే ఉన్నానని ఏడాదికోసారి వేలిముద్ర వేసి రుజువు చేయాలి. నలభై ఏళ్ళు పలుపుతాళ్ళు పట్టిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఏ వేలు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. “నేను బతికుండానో ల్యేదో ఈ అగ్గిపెట్టె సెప్పల్లనా?” అని దాన్ని కూడా వెనక్కి తిప్పి చూశాడు. ఇంతలో సర్వరు పోయింది. ఆయన బల్ల మీద కూర్చున్నాడు, నేను నా ఆట తెరుచుకున్నాను.

ఆ ఆట సంగతి చెప్పాలి. మొదట తెర మీద ఒక ముద్ద ఇస్తారు. దాన్ని లాగి, నొక్కి, నీకు నచ్చినట్టు ఒళ్ళు చేసుకోవాలి. పక్కన ఒక పెట్టెలో కళ్ళు, నోళ్ళు, కాళ్ళు, కొమ్ములు వరసగా ఉంటాయి. కావలసినవి తెచ్చి తగిలించి, రంగు పూసి, ఒక మీట నొక్కితే అది లేచి నడుస్తుంది. పొద్దస్తమానం నేను ఇతరుల పేర్లూ పుట్టిన తేదీలూ కొట్టేదాన్ని. ఒక్క అక్షరం తేడా వచ్చినా అర్జీ తిరిగి నా మొహానే వచ్చి పడుతుంది. ఈ ఆటలో నేను ఏం తగిలించినా ఎవరూ తిప్పికొట్టరు. మూడు కాళ్ళు పెడితే ఆ మూడు కాళ్ళతోనే, నన్ను ఒక్క మాట అనకుండా, లేచి నడుస్తుంది. అందుకే ఆడేదాన్ని.

ఆ రోజు అట్లా మూడు కాళ్ళదాన్నే నడిపిస్తున్నాను. వెనకనుంచి ఒక మూలుగు వినబడింది.

“దానికి ఏమైందమ్మా?”

“ఏం కాలేదు తాతా. నేనే అట్ల చేసినా.”

“నువ్వు సేసినావా? యాల? అది నీకేం పాపం సేసింది?”

ఆటలే తాతా అన్నా ఆయన వినలేదు. ముల్లుగర్ర ఎత్తి తెర మీద పెట్టాడు. “ఎనక ఇంకో కాలు పెట్టు. ఆడ కాదు, ఈడ. రొంత ఎడం పెట్టు. మోకాలు లోపలికి మళ్ళించు. ఇప్పుడు తోలు.” తోలాను. నిమిషం కింద తాగినవాడిలా తూలిన జంతువు చక్కగా, గిట్టలు ఎత్తి ఎత్తి వేస్తూ నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. తెర వెనక్కి వెళ్ళి చూశాడు. అక్కడ వైర్లు తప్ప ఏమీ లేవు. ఇంత ఖరీదైన వస్తువుకు వెనకభాగం చూపించే ఏర్పాటు లేదా అని నన్ను అడిగాడు. మౌసుతో జంతువును గిరగిరా తిప్పి చూపించాను. ఆ తర్వాత సర్వరు వచ్చిందని చెప్పినా ఆయన బతికున్నట్టు రుజువు చేసుకోవడానికి తొందరపడలేదు.

ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చేవాడు. మౌసు ముట్టుకోడు. ముల్లుగర్రతో చూపిస్తాడు, నేను చేస్తాను. మా ముద్దకు ఆయన పెట్టిన పేరు సంగటి. “సంగటి తియ్యి,” అనగానే ఆట మొదలు. గెలవడం, ఓడడం ఆయనకు పట్టవు. ఆ ఆటలో మన జంతువు వేరేవాటిని తిని, పెరిగి, గుంపు కట్టి, చివరికి చందమామ దాకా పోవచ్చు. అది చెప్తే, “పోయి యాడ కట్టేస్తావు?” అన్నాడు. ఒకసారి కోరలున్న ఎర్ర జంతువొకటి మాదాన్ని తినడానికి వస్తే, “హేయ్! పో! పోతావా ల్యేదా!” అని లేచి తెర మీదికి గర్ర విసిరాడు. కులధ్రువపత్రం కోసం వచ్చిన ఇద్దరు అట్నుంచి అటే వెళ్ళిపోయారు. ఆ గర్ర గీసిన గీత తెర మీద ఇప్పటికీ ఉంది. అర్జీల్లో సరిగ్గా తండ్రి పేరు దగ్గర పడుతుంది.

ఆయనతో సరదాలు పనికిరావు. నేను ఒకసారి ఊరికే జంతువు వీపున ఒక కన్ను పెట్టాను. మూడు రోజులు షాపుకు రాలేదు. నాలుగో రోజు వచ్చి, “కాడి యాడ పెడతావమ్మా, కంట్లోనా?” అని మాత్రం అడిగాడు. తీసేశాను.

ఆటకు అప్పుడప్పుడూ అదనపు పొట్లం ఒకటి విడుదలయ్యేది. అందులో కొత్త అవయవాలు ఉంటాయి. ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అంటారని చెప్పాను. ఆయన ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పి చూసి, “దాణా అను, సాలు,” అన్నాడు. మొదటి దాణాలో రెక్కలు వచ్చాయి. “రెక్కలుండే గొడ్డును సంతకు ఎట్ల తోలుకుపోతాం? మనకన్నా ముందే పోయి కూసుంటాది.” ఇంకోసారి తేలు కొండ్లు వచ్చాయి. పాలు పితికేవాళ్ళ గతేమిటని బాధపడ్డాడు. నచ్చకపోయినా అన్నీ చూసేవాడు, ఒక్కొక్కటీ పెద్దది చేయించి, తిప్పించి. నచ్చనివాటి కోసం ఇంత సేపు ఎందుకు తాతా అంటే, “పరసకు పోయేదంతా కొననీకే పోతామా? ఈ తూరి ఏమొచ్చిందో సూడనీకి పోతాం,” అన్నాడు. ఆటలకు ఈ పొట్లాలు ఎందుకు అమ్ముడుపోతాయో ఇంతకంటే బాగా ఎవరూ నాకు చెప్పలేదు.

కానీ ఆయన అన్ని దాణాల్లోనూ వెతికింది ఒక్కటే. గంగడోలు. ఆవుకు మెడ కింద వేలాడే తోలు. ఆ ఆట చేసిన దొరలకు అదొకటుంటుందని తెలియదు కాబోలు. డ్రాగన్లకు కావలసిన సరంజామా అంతా ఇచ్చారు, గంగడోలు ఇవ్వలేదు.

అది ఎందుకో ఆయన నాకు కొన్నాళ్ళకు చెప్పాడు. బేరగాడి కొట్టంలో గొడ్డు నిలవదు, పొద్దున కట్టింది సాయంత్రానికి ఇంకొకరిది. అట్లాంటి కొట్టంలో ఒకే ఒక్కటి పదకొండేళ్ళు నిలిచింది. తెల్లటి పుంగనూరు ఆవు, నడుం ఎత్తు ఉండేది. పేరు బుడ్డమ్మ. ఇప్పుడు ఆ జాతి ఆవుల్ని గొప్పవాళ్ళు హాల్లో సోఫా పక్కన కట్టుకుని ఫోటోలు దిగుతున్నారు గాని, అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు అమ్మలేదని అడిగితే “అమ్మబుద్ధి కాలే,” అన్నాడు. చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఒక్క ఫోటో లేదు. అది నడుస్తుంటే ఇంకొక్కసారి చూడాలి. అదీ ఆయన కోరిక. నా కంప్యూటర్ ముందు ఆయన కూర్చున్న నెలలన్నీ దానికోసమే.

బుడ్డమ్మ మాకు నాలుగు నెలలు పట్టింది. మూపురం సంగటినే పైకి లాగి చేశాం. నుదుటి మీద సుడి ఎక్కడుండాలో ఆయన చెప్పడానికి ఒక రోజు, నేను చుక్క పెట్టడానికి ఒక రోజు. అంతా అయింది, గంగడోలు లేదు. ఒక మధ్యాహ్నం ఆయన అవయవాల పెట్టెను చూస్తూ చూస్తూ గర్ర ఒక చోట ఆపాడు. “ఆ ఏనుగు సెవులు తియ్యి. తలకిందులు సెయ్యి. తెచ్చి గొంతు కింద పెట్టు. రెండూ దగ్గర.”

పెట్టాను. మీట నొక్కాను. బుడ్డమ్మ నడిచింది. అడుగడుగుకూ మెడ కింద ఆ చెవులు ఇటూ అటూ ఊగాయి. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఆట తయారు చేసినవాళ్ళు కూడా ఇవ్వలేనిదాన్ని మేమిద్దరం పుంగనూరులో కూర్చుని, దొరికిన చెవులతో చేసుకున్నాం. ఆ సంతోషం ఇంకెందులోనూ నాకు రాలేదు.

మర్నాడు భార్యను వెంటబెట్టుకొచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్న అవ్వ. వస్తూనే ఆమె బుడ్డమ్మను చూసింది, నడక చూసింది, మొగుడి వైపు తిరిగింది. “అది బతికుండగా ఒక్క దినమన్నా పేడెత్తినావా? ఇప్పుడు అద్దంలో పెట్టుకుని మొక్కుతాండావు,” అని చీర కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. “నచ్చిందిలే,” అన్నాడాయన.

తర్వాత ఆయన కుప్పంలో ఉన్న కూతురింటికి పది రోజులు వెళ్ళాడు, మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని. వెళ్ళిన రెండో రోజే కొత్త దాణా వచ్చింది, అందులో తోకలు ఉన్నాయి. నేలను రాసే పొడుగాటి తోక, చివర కుచ్చు. పుంగనూరు ఆవుకు ఉండాల్సిన తోక అదే. ఆయన వచ్చేసరికి తగిలించి చూపిద్దామని సంబరపడి దింపుకోవడం మొదలుపెట్టాను.

నెట్ సెంటర్ నడిపేవాళ్ళ చూపుడువేలికి ఒక జబ్బు ఉంటుంది. తెర మీద ఏ ప్రశ్న లేచినా, చదవకముందే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తుంది. సర్వరు ఉన్నప్పుడే పని కావాలి, చదువుతూ కూర్చుంటే జనం తిడతారు. ఆ రోజూ ఒక ప్రశ్న లేచింది. వేలు నొక్కేసింది. ఆ తర్వాత ఆట తెరిస్తే పెట్టె ఖాళీ. పాత జంతువులన్నీ తీసేయమంటారా అని అది అడిగిందట. నేను సరేనన్నానట.

వెతకని చోటు లేదు. తెలిసిన కంప్యూటర్ మెకానిక్‌ను పిలిస్తే, “ఆవు పోయిందా అక్కా?” అని నవ్వి, ఏమీ చేయలేమన్నాడు. సాయంత్రం కుప్పం నుంచి ఫోను. “ఎట్లుండాది?” నా నోటికి నిజం రాలేదు. “బాగుండాది తాతా.” రోజూ ఫోను చేశాడు. రోజూ బాగుందనే చెప్పాను.

ఇక ఒకటే దారి. మళ్ళీ సంగటి తీశాను. గుర్తున్నంతలో మూపురం లాగాను, సుడి పెట్టాను, ఏనుగు చెవులు తలకిందులు చేశాను. జనాన్ని సర్వరు లేదని పంపించేశాను. ఆరు మధ్యాహ్నాలు పట్టింది. లంచంగా కొత్త తోక కూడా తగిలించాను. అచ్చం బుడ్డమ్మే. అయినా నాకు భయమే. మూడు తాలూకాల సంతల్లో మార్చిన గొడ్డును పట్టేసే మనిషి ముందు నేను మార్చిన గొడ్డును కట్టబోతున్నాను. పట్టేస్తే ఆయన ఇంక ఈ గుమ్మం ఎక్కడు. అంతకన్నా, ఆ ఆవు ఆయనకు రెండోసారి చచ్చిపోతుంది.

వచ్చాడు. కూర్చున్నాడు. ముందు తోక చూసి, “అబ్బా!” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తిప్పమన్నాడు, తిప్పాను. “తోలు,” అన్నాడు. తోలాను. ఒకసారి చూశాడు. ఇంకోసారి తోలమన్నాడు. తర్వాత తెరను వదిలి నన్ను చూశాడు, సంతలో అమ్మేవాణ్ణి చూసినట్టు.

“ఇది బుడ్డమ్మ కాదు గదమ్మా.”

నాకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు. “అడిగినప్పుడు సదవలేదా నువ్వు?”

“లేదు తాతా.”

“ఊరందరికీ సదివి సెప్తావు. నీకు సదివి సెప్పేవాళ్ళు ల్యేరు, పాపం,” అని నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు లేదు.

“ఎట్ల కనిపెట్టినావు తాతా?”

“నడక శానా బాగుండాది. అదే తప్పు. నా బుడ్డమ్మ ఎనక ఎడమకాలు ఈడ్సేది.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలు ఒక నువ్వుగింజంత లోపలికి జరపమని ఆయన అంటే జరిపాను. ఎందుకని అడగలేదు. మళ్ళీ చేసేటప్పుడు ఆయన నేర్పిన పద్ధతిలో నా చెయ్యి దాన్ని తిన్నగా పెట్టేసింది.

“అమ్మబుద్ధి కాలే అని సెప్పినా గదా, అది అబద్ధం,” అన్నాడు. “కుంటిదాన్ని ఎవురు కొంటారు? మూడు పరసలు తిప్పి, ఎవురూ అడక్క ఇంటికి తోలకొచ్చినా. అమ్మబుద్ధి కాకపోయింది ఆ తర్వాత.” తువ్వాలు భుజాన సర్దుకుని మళ్ళీ అన్నాడు. “అది సచ్చినప్పుడూ నేను ఊర్లో ల్యే. పరసలో ఉండాను. ఇంటికి ఫోన్ సేస్తే మా ఇంటామె మూడు దినాలు బాగుండాది, బాగుండాది అనే సెప్పింది, నేను బేరం ఇడిసిపెట్టి వస్తానని. వచ్చి శానా తిట్టినా ఆమెను. మనిషిని అనకూడని మాటలన్నీ అన్నా.”

నేను మౌసు వదిలేసి ఆయన వైపు తిరిగాను.

“నిన్ను తిట్టను. నీ ఫోన్లో ఆమెకు కలుపు.”

కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చాను. ఆయన ఫోనును నోటి ముందు పట్టుకుని పరసలో అరిచినట్టు అరిచాడు. “ఏమే! బుడ్డమ్మ సచ్చిన పొద్దు నిన్ను తిట్టినా సూడు, అది తప్పు!”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత, “ఎవురు మాట్లాడేది?” అంది అవ్వ.

“నేనే!”

“తాగినావా?”

“ల్యేదే!”

“సరే. వచ్చేటప్పుడు కొత్తిమీర తీసకరా,” అని పెట్టేసింది. ఆ రోజు పెద్దాయన మూడు కట్టలు తీసుకున్నాడు.

బుడ్డమ్మ పేరు ఆ కొత్త ఆవుకు ఉంచనివ్వలేదు. పాత పలుపు కొత్త గొడ్డుకు కట్టరట. కాలు జరిపి మళ్ళీ కుంటిదాన్ని చేస్తానంటే వద్దన్నాడు. ఇది నీ ఆవు, మంచి నడక, ఎవురొచ్చినా సూపించుకో అన్నాడు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉండేవాడు, కుప్పంలో కూతురింట్లోనే నిద్రలో పోయేదాకా.

ఆయన పోయిన నెల రోజులకు అవ్వ పింఛను కాగితాలు పట్టుకుని షాపుకు వచ్చింది. పనయ్యాక కూడా లేవలేదు. “మ్మే, ఆ ఆవును సూపీ,” అంది.

తెరిచాను. మీట నొక్కాను. తెల్లటి ఆవు తోక ఊపుకుంటూ, గంగడోలు ఊగుతుంటే, నాలుగు కాళ్ళ మీదా నిబ్బరంగా తెర ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. అవ్వ ముందుకు వంగి చూసింది.

“కాలు ఈడ్సడం ల్యేదే.”

అది వేరే ఆవని చెప్పాలి. ఆమె కళ్ళు చూశాక నాకు చెప్పబుద్ధి కాలేదు. “నయమైందవ్వా. ఇప్పుడు బాగుండాది,” అన్నాను.

అవ్వ తెర మీదినుంచి చూపు తిప్పి నన్ను చూసింది. నా చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది.

“నేనూ మూడు దినాలు ఆయనకు ఇదే సెప్పినా,” అంది.